అడిగి, ఆగడం

కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువుల మీద బతికేవాళ్లకు తెల్లవారుజామంటే భయం. రాత్రంతా నీళ్లలో చేపలూ నాచూ ఆక్సిజన్ పీల్చుకుంటూనే ఉంటాయి. ఎండ ఉండదు కనుక కొత్తగా తయారయ్యేది ఏమీ ఉండదు. ముందు రోజు మబ్బు పట్టిందంటే పగలు నీళ్లలో చేరిందే తక్కువ. మూడూ నాలుగూ అయ్యేసరికి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. ఆ వేళకు రైతు కైకలూరులోనో ఆకివీడులోనో ఇంట్లో పడుకుని ఉంటాడు. టెక్నీషియన్ ఏలూరులో అద్దె గదిలో ఉంటాడు. మేత కంపెనీ మనిషి ఎక్కడుంటాడో ఎవరికీ తెలియదు. గట్టు మీద పాకలో టార్చిలైటు పట్టుకుని మెలకువగా ఉండేది కాపలా మనిషి ఒక్కడే. ఈ మొత్తం వ్యాపారంలో అందరికంటే తక్కువ డబ్బు అందేది అతనికే. లక్షల రూపాయల సరుకు ఉంటుందో పోతుందో అందరికంటే ముందు తెలిసేదీ అతనికే.

తెల్లారాక అందరూ గట్టు మీదికి వస్తారు. ఏం చేయాలో అతనికి చెప్పి వెళ్తారు. రాత్రి ఏం చూశావని అడిగేవాళ్లు తక్కువ.

ఈ ప్రాంతంలో ఫీల్డు సిబ్బందిని నడిపే ఉద్యోగంలో ఏళ్ల తరబడి ఉన్నాను. నా కింద పనిచేసిన కుర్రాళ్లు చెరువుల దగ్గరకి, వరి పొలాలకి, మార్కెట్ యార్డులకి తిరిగేవాళ్లు. వాళ్లలో రాణించినవాళ్లని తలుచుకుంటే ఒక లక్షణం అందరిలోనూ కనిపిస్తుంది. తెలివితేటలు కావు, అవి చాలామందికి ఉన్నాయి. మాట చాతుర్యమూ కాదు. ఎదుటి మనిషిని ఒక మాట అడిగి, అతను నోరు విప్పేదాకా ఆగగలగడం. పైనున్నవాడు కింద ఉన్నవాడి చేత ఆలోచింపజేసి పని నేర్పించే ఈ పద్ధతిని ఇప్పుడు కోచింగ్ అంటున్నారు. ఈఏపీసెట్‌కో గ్రూప్స్‌కో వెళ్లే కోచింగ్ సంగతి కాదు నేను చెబుతున్నది. ఆఫీసులో, ఫ్యాక్టరీలో, చెరువు గట్టు మీద జరగాల్సిన దాని సంగతి. దాని మీద విజయవాడ హోటళ్లలో రోజంతా తరగతులు పెడుతున్నారు. తప్పేమీ లేదు. కానీ ఆ విద్య మన పొలం గట్లకి ఎప్పుడో వచ్చింది, మన మధ్యనే ఉంది. దాన్ని గుర్తించి ఆఫీసుల్లోకి తెచ్చుకోవాలని నా తాపత్రయం.

ముందు ఒక ఉదయం సంగతి చెబుతాను. కైకలూరు నుంచి ఆటపాక దాటి లోపలికి వెళ్తే ఉండే చెరువుల్లో అది ఒకటి. బొచ్చె, శీలావతి వేశారు. కొల్లేరులో మేత పెట్టే తీరు తెలియనివాళ్లకి ఒక మాట: పాత ఎరువుల సంచులకి అడుగున చిల్లులు పెట్టి, అందులో తవుడూ చెక్కా నింపి, చెరువులో వరసగా పాతిన వెదురు గడలకి కడతారు. మనిషి పడవ మీద వెళ్లి ఒక్కో గడకీ సంచి తగిలించి వస్తాడు. చేపలు కిందనుంచి చిల్లుల్లో మూతి పెట్టి లాక్కుంటాయి. కాసేపటికి మళ్లీ వెళ్లి సంచి తడిమి చూస్తే ఎంత తిన్నాయో తెలుస్తుంది. ఆ తడమడంలో ఉంది విద్యంతా.

ఆ చెరువులో కొన్ని రోజులుగా సంచులు మిగులుతున్నాయి. చేప ఎదగడం లేదు. మేత బాగాలేదని రైతు కోపం. మేత మార్చాలా, నీళ్లు మార్చాలా అని గట్టు మీద నలుగురూ తర్జనభర్జన పడుతున్నారు. ముత్తుకూరు కాలేజీలో మత్స్యశాస్త్రం చదివి వచ్చిన కుర్రాడొకడు మాత్రం వాళ్లలోంచి ఇవతలకి వచ్చి, పడవ కడుతున్న కాపలా పెద్దాయన పక్కన గొంతుక్కూచున్నాడు.

"బాబాయ్, సంచులు అన్నీ ఒకేలా మిగుల్తున్నాయా?"

"లేదండి. తూము వైపువి ఖాళీ అయిపోతున్నాయి. ఆ మూల వరస మిగుల్తుందండి."

కుర్రాడు ఇంకేమీ అనలేదు. దానికి కారణం ఏమై ఉంటుందో అతని బుర్రలో నాలుగు ఊహలు తిరుగుతూ ఉండాలి. అయినా నోరు మెదపలేదు. పెద్దాయన తాడు ముడి వేశాడు. విప్పాడు. మళ్లీ వేశాడు.

"రాత్రిళ్లు గడలు ఊగుతున్నాయండి," అన్నాడు చివరికి.

"గాలికా?"

"గాలి లేదండి. చేపలు రాసుకుంటున్నాయి. ఒళ్లు దురద పుట్టినట్టు వచ్చి రాసుకుని పోతున్నాయండి."

"ఎప్పట్నుంచి బాబాయ్?"

"మొన్న వానొచ్చి వెలిసిన కాడ్నుంచి."

విసురు వల వేయించి నాలుగు చేపల్ని పట్టి చూశారు. రెక్కల కింద పొలుసుల మధ్య చేపపేను. పారదర్శకంగా, చప్పిడిగా, చూడ్డం తెలియనివాడి కంటికి ఆననంత చిన్నది. మేతది ఏ తప్పూ లేదు. ఒళ్లంతా పేను కుడుతుంటే చేప తిండి మీదికి ఏం వస్తుంది? "ముందే చెప్పలేదేం?" అని రైతు కాపలా మనిషి మీద గట్టిగానే అరిచాడు. ఆయన తల వంచుకున్నాడు. తర్వాత టీ తాగేటప్పుడు కుర్రాడితో మెల్లగా అన్నాడు, "పోయినేడు ఓసారి చెప్పానండి. నీది మేత పెట్టే పని, డాక్టరీ కాదన్నారండి" అని.

ఆ కుర్రాడు చేసింది ఏమిటో గమనించండి. ఆ పెద్దాయన కళ్లతో చూసిన విషయమే అడిగాడు, అభిప్రాయం అడగలేదు. ప్రశ్నలో జవాబు దాచలేదు. 'మూల వైపు ఆక్సిజన్ తక్కువేమో కదా బాబాయ్' అని ఉంటే, 'అవునండి' అనే మాటతో ఆ సంభాషణ అక్కడే ముగిసేది. మన దగ్గర పెద్దచదువు చదివినవాడి మాటకి 'అవునండి' తప్ప వేరే జవాబు రాదు. గోదావరి జిల్లాల మర్యాద అది. ఆ మర్యాదలో ఎంత సమాచారం మునిగిపోతుందో. అన్నిటికంటే కష్టమైనది అతను చేసిన మూడో పని, ఊరుకోవడం. తాడు ముడి వేసి విప్పినంత సేపు.

ఈ విద్యకి పుస్తకాల్లో ఒక చరిత్ర ఉంది. తిమొతీ గాల్వే అనే అమెరికా టెన్నిస్ శిక్షకుడు 1974లో 'ది ఇన్నర్ గేమ్ ఆఫ్ టెన్నిస్' అనే పుస్తకం రాశాడు. మోచెయ్యి ఇలా పెట్టు, నడుం అలా తిప్పు అని చెప్పేకొద్దీ నేర్చుకునేవాడు బిగుసుకుపోతున్నాడని ఆయన కనిపెట్టాడు. అందుకని చెప్పడం తగ్గించి, బంతి నేలకి తగిలినప్పుడు 'బౌన్స్' అనీ రాకెట్‌కి తగిలినప్పుడు 'హిట్' అనీ పైకి అనమనేవాడు. అంతే. దృష్టి బంతి మీద నిలిస్తే చెయ్యి తన దారి తాను వెతుక్కునేది. ఇంగ్లండులో కార్ల రేసుల నుంచి వచ్చిన జాన్ విట్‌మోర్ ఆ పద్ధతిని కంపెనీల్లోకి తెచ్చి, 1992లో దాని మీద పుస్తకం రాశాడు. ఏం కావాలి, ఇప్పుడు ఎక్కడున్నాం, ఏ దారులున్నాయి, ఏం చేస్తావు: ఈ వరసలో ప్రశ్నలు వేయడం ఆయన వల్లే ప్రపంచమంతా పాకింది. గూగుల్ కంపెనీ 2008లో అసలు మేనేజర్ల అవసరం ఉందా అని తన ఉద్యోగుల సమాచారమంతా తిరగేసి చూసింది. మంచి మేనేజర్ లక్షణాల పట్టికలో మొట్టమొదట నిలిచింది, మంచి కోచ్ అయి ఉండటం. ఆ పరిశీలనకి వాళ్లు పెట్టుకున్న పేరు ప్రాజెక్ట్ ఆక్సిజన్. కొల్లేరువాళ్లకి ఆ పేరు విలువ వేరే చెప్పక్కర్లేదు.

ఇవన్నీ మంచివే. కానీ నన్ను అడిగితే ఈ విద్యకి అసలైన పాఠశాల టెన్నిస్ కోర్టు కాదు, వరి పొలం. మన వరి పొలమే.

సుడిదోమ గురించి డెల్టాలో పుట్టినవాళ్లకి చెప్పనక్కర్లేదు. దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైన చేరి రసం పీలుస్తుంది. పైనుంచి చూస్తే పొలం పచ్చగానే ఉంటుంది. ఒక రోజు పొద్దున్న చూసేసరికి సుడులు సుడులుగా ఎండిపోయి ఉంటుంది. భయంతో రైతు మందు కొడతాడు. దోమ గుడ్లు ఆకు తొడిమ లోపల ఉంటాయి, వాటికి మందు తగలదు. దోమని తినే సాలీళ్లూ మిరిడ్ నల్లులూ మాత్రం చచ్చిపోతాయి. గుడ్లు పగిలి పిల్లలు బయటికి వచ్చేసరికి వాటిని తినేవాడు లేడు. మందు కొట్టిన పొలంలోనే దోమ మళ్లీ రెట్టింపై వస్తుంది. ఇండోనేషియాలో 1980లలో అచ్చం ఇదే జరిగింది. అక్కడి ప్రభుత్వం 1986లో వరి మీద 57 రకాల పురుగుమందుల వాడకాన్ని నిషేధించింది. ఆజ్ఞ ఇవ్వడం తేలికే. మందు కొట్టకుండా పొలాన్ని చూస్తూ ఊరుకునే ధైర్యం రైతుకి ఎక్కణ్నుంచి వస్తుంది?

ఆ ధైర్యం కోసం 1989లో అక్కడ ఒక కొత్తరకం బడి మొదలైంది. ఆ బడి తర్వాత తొంభైకి పైగా దేశాలకి వెళ్లింది. మన దగ్గరికి వచ్చి పొలంబడి అయింది. పాతిక ముప్పై మంది రైతులు పంట కాలమంతా వారానికోసారి ఒక పొలం దగ్గర కూడతారు. అయిదారుగురు చొప్పున జట్లయి పొలంలోకి దిగుతారు. దుబ్బులు విడదీసి చూసి, ఎన్ని శత్రు పురుగులు, ఎన్ని మిత్ర పురుగులు అని లెక్కపెడతారు. గట్టెక్కి పెద్ద కాగితం పరిచి దాని మీద రంగు పెన్సిళ్లతో వరి దుబ్బు బొమ్మ వేస్తారు. ఒక పక్క దోమ, రెండో పక్క సాలీడు, పైన ఎండో మబ్బో, కింద నీళ్లు ఎంత ఉన్నాయో. జట్టు తరఫున ఒకరు లేచి ఈ వారం మందు కొట్టాలా వద్దా, ఎందుకు అన్నది మిగతావాళ్లకి చెబుతారు. అక్షరం రాని రైతు కూడా ఆ బొమ్మ వేయగలడు, దాన్ని పట్టుకుని వాదించగలడు.

ఆ బడిలో అన్నిటికంటే నాకు ఇష్టమైనది అక్కడ నడిపేవాడికి ఉన్న ఒక కట్టుబాటు. రైతు ఏదో పురుగుని పట్టుకొచ్చి 'ఇదేంటండీ' అని అడిగితే దాని పేరు చెప్పకూడదు. తిరిగి అడగాలి. ఎక్కడ దొరికింది? ఆకు మీదా, మొదట్లోనా? ఏం చేస్తోంది? ఒక్కటే ఉందా, చాలా ఉన్నాయా? అప్పటికీ తేలకపోతే ఒక సీసాలో వరి మొక్క పెట్టి, ఆ పురుగునీ నాలుగు దోమల్నీ వదిలి, పైన పల్చటి గుడ్డ కట్టి ఇంటికి పట్టుకెళ్లమంటారు. మర్నాటికి దోమలు తగ్గితే ఆ పురుగు చుట్టమో శత్రువో ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. 'ఇది మిత్ర పురుగు' అని అధికారి చెబితే అది అధికారి మాట. సీసాలో తన కళ్లతో చూస్తే అది తన తెలివి. తన తెలివి మీద నిలబడి మందు డబ్బా పక్కన పెట్టగలడు. అధికారి మాట మీద పెట్టలేడు, ఎందుకంటే పంట పోతే అధికారి ఇవ్వడు కదా.

మన మార్టేరు పరిశోధనా కేంద్రం వాళ్లు సుడిదోమని తట్టుకునే వరి రకాలిచ్చారు. ప్రతి రెండు మీటర్లకి కాలిబాట తీయమని ఎన్నో ఏళ్లుగా చెబుతున్నారు. బాట తీస్తే గాలీ వెలుతురూ దుబ్బు మొదలుదాకా వెళ్లి దోమకి అక్కడ నిలవడం కష్టమవుతుంది. ఎంత చెప్పినా బాటలు తీయని రైతులున్నారు. బాట పోయినంత మేర మొక్కలు తక్కువే కదా అన్నది వాళ్ల లెక్క. అదే రైతు పొలంబడిలో బాట తీసిన మడినీ తీయని మడినీ పక్కపక్కన చూసి, దోమల్ని తానే లెక్కపెట్టి, ఆఖర్న బస్తాలూ తానే లెక్కపెట్టుకుంటే, మరుసటేడు ఎవరూ చెప్పకుండానే తాడు పట్టుకుని బాటలు తీయిస్తాడు. ఇలాంటి దారిలోనే, రైతు సాధికార సంస్థ 2016లో మొదలుపెట్టిన ప్రకృతి వ్యవసాయంలో పాఠం చెప్పే పనిని సాగు చేసి చూపించిన రైతులకే అప్పగించారు. ఆ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్ వాళ్ల గుల్బెంకియన్ బహుమతిలో భాగం దక్కింది. ఎక్కువమంది ఆ బహుమతిని ఎరువుల కోణంలోనే చూశారు. నేను అందులో ఒక రైతు పక్క రైతుకి గురువు కావడాన్ని చూశాను.

వ్యవసాయ అధికారులు నేర్చుకున్నదాన్ని వాళ్ల ఆఫీసులే ఎందుకు నేర్చుకోవు అన్నది నన్ను వదలని ప్రశ్న. పొలంబడిలో రైతుని ఓపిగ్గా అడిగి వచ్చిన మనిషే మర్నాడు ఆఫీసులో తన కింది ఉద్యోగి మీద ఆజ్ఞల వాన కురిపిస్తాడు. ప్రైవేటు కంపెనీల్లోనూ ఇంతే. సోమవారం రివ్యూ మీటింగు చూడండి. పైఅధికారి కాగితం పట్టుకుని ఒక్కొక్కరినీ లేపుతాడు. 'ఎందుకు తగ్గింది?' అంటాడు. అడగడమే కదా, అది కూడా ప్రశ్నే కదా అనిపించవచ్చు. కానీ మన ఇళ్లల్లోనూ బళ్లల్లోనూ 'ఎందుకు' అన్నది తప్పు చేసినవాడిని నిలదీసేటప్పుడు వాడే మాట. ఎందుకు ఆలస్యమైంది, ఎందుకు మార్కులు తగ్గాయి. ఆ మాట చెవిన పడగానే మనిషి ఆలోచన ఆగి సంజాయిషీ మొదలవుతుంది. వానలు పడ్డాయండి, పోటీ కంపెనీ ధర తగ్గించిందండి, రైతు ఫోను ఎత్తడం లేదండి. అన్నీ నిజాలే. ఒక్కటీ ఉపయోగపడదు.

మేం ఒక దఫా ఆ మాటని పక్కన పెట్టి చూశాం. 'ఈ నెల నీకు ఏ ఊరు కొరకరాని కొయ్యగా ఉంది? అక్కడ ఏం చూశావు?' అని అడగడం మొదలుపెట్టాం. మొదట్లో కుర్రాళ్లు అనుమానంగా చూశారు. ఇదేదో కొత్త ఉచ్చు అనుకున్నారు. కొన్ని వారాలయ్యాక మండవల్లి వైపు తిరిగే కుర్రాడు, 'అక్కడ రైతులు కాదండి, లీజుకి తీసుకున్నవాళ్లు చేస్తున్నారు. నేను భూమి ఉన్నాయన చుట్టూ తిరుగుతున్నాను' అన్నాడు. ఈ ఒక్క మాట మా అమ్మకాల పట్టికల్లో ఏ గడిలోనూ లేదు. 'అయితే ఏం చేద్దామనుకుంటున్నావు?' అని అడిగితే, తనే చెప్పాడు. నేను చెప్పబోయినదాని కంటే మెరుగ్గా చెప్పాడు. తన ఆలోచన కాబట్టి వానలో తడుస్తూ కూడా తిరిగాడు.

నేర్పే పద్ధతి అన్నాక తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్ సంగతి చెప్పకుండా ఉండలేను. కర్నూలు పాయ, మహారాష్ట్ర పాయ లారీల్లో దిగుతుంటే ఆ ఘాటు వీధి చివరిదాకా వస్తుంది. అక్కడ ఒక పాత గుమస్తా కొత్తగా చేరిన పిల్లాడికి పని నేర్పే తీరు చాలాసేపు నిలబడి చూశాను. సంచి లోపలికి మోచేతిదాకా చెయ్యి పోనిచ్చి, పైనుంచి కాకుండా నడిమిలోంచి ఒక పాయ తీసి పిల్లాడి చేతిలో పెట్టాడు. "ఎన్నాళ్లు ఆగుద్దిరా?" అన్నాడు. వాడు పాయని అటూ ఇటూ తిప్పి, "పదిహేను రోజులండి" అన్నాడు. గుమస్తా అవుననలేదు, కాదనలేదు. "మెడ నొక్కి చూశావా?" వాడు బొటనవేలితో పాయ మెడ దగ్గర నొక్కాడు. మెత్తగా ఉంది. మెడ ఎండని పాయలో తడి లోపలే ఉంటుంది, కుళ్లు అక్కడే మొదలవుతుంది. "వారం కూడా ఆగదండి," అన్నాడు వాడు, తనలో తను చెప్పుకుంటున్నట్టు. గుమస్తా ఆ సంచికి సుద్దతో గీత పెట్టించి ఓ పక్కకి వేయించాడు. వారం పోయాక వాడే విప్పి చూడాలి. ఆ మనిషి ఏ తరగతికీ వెళ్లి ఉండడు. సరుకు చేత పాఠం చెప్పించాలని, తన నోటితో చెబితే అది పిల్లాడి వేళ్లలోకి దిగదని అతనికి తెలుసు.

మన పని చోట్ల సంప్రదాయమంతా ఇలాగే ఉందని మాత్రం అనను. చాలాచోట్ల 'చూసి నేర్చుకో, అడక్కు' అన్నదే పాఠం. లారీ షెడ్డుల్లో పానా నెత్తిన పడేదాకా తప్పేమిటో తెలియని పిల్లలున్నారు. ఆ గుమస్తాలాంటివాళ్లు ప్రతి బజారులోనూ ఒకరిద్దరు ఉంటారు, వాళ్లని వెతికి పట్టుకోవాలి.

అడగకూడని వేళలూ ఉన్నాయి. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే, 'ఏం చేద్దామంటావు బాబాయ్' అని కూర్చునేవాడు మూర్ఖుడు. ఏరేటర్లు వేయించాలి, ఇంజను పెట్టి కొత్త నీళ్లు పట్టాలి, మేత ఆపాలి. తడి చేత్తో ఏరేటర్ వైరు పట్టుకోబోతున్నవాడిని ప్రశ్న అడగరు, అరుస్తారు. పనిలో చేరిన మొదటి వారంలో కుర్రాడికి డీజిల్ ఎక్కడ పోయించుకోవాలో చెప్పేయాలి, కనుక్కోమనకూడదు. తెలియడానికి ఆస్కారం లేనివాణ్ని అడగడం కోచింగ్ అనిపించుకోదు, అది మనిషిని ఏడిపించడం. అయితే ఆపద వేళ ఇచ్చే ఆజ్ఞకైనా బలం ముందు అడిగి తెలుసుకున్నదాంట్లోంచే వస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడని ముంచాక ఆ నీళ్లు కొల్లేరుకే వచ్చాయి. ఉప్పుటేరు ఒక్కటే ఈ సరస్సుని సముద్రంలో కలిపే దారి. ఏ గట్టు ముందు తెగుతుంది, ఏ ఊరి రోడ్డు ముందు మునుగుతుంది అన్నది లంకగ్రామాల పెద్దవాళ్లకి నోటికి వచ్చు. వాళ్లతో అంతకుముందే కూర్చుని మాట్లాడినవాళ్లు ఆ రోజుల్లో గబగబా నిర్ణయాలు తీసుకోగలిగారు. మాట్లాడనివాళ్లు ఫోన్లు చేస్తూ ఉండిపోయారు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకోటుంది. అడిగినట్టు నటించడం. ఏసీ హాల్లో రెండు రోజుల శిక్షణ పెడతారు. మేనేజర్లకి ప్రశ్నల వరస ఉన్న కార్డు ఒకటిస్తారు. తిరిగొచ్చాక ఆ మేనేజరు కార్డు చూసి అడుగుతాడు: 'ఈ నెల నీ లక్ష్యం ఏంటి?' లక్ష్యం పైనుంచి వచ్చేసింది, అది ఇద్దరికీ తెలుసు. 'ఏ దారులున్నాయి?' ఏ దారి చెప్పినా 'బడ్జెట్ లేదు' అంటాడు. చివరికి తాను ముందే అనుకున్నదాన్ని కుర్రాడి నోట పలికించి, 'చూశావా, నువ్వే చెప్పావు' అంటాడు. ఇంతకంటే పాత పద్ధతిలో తిట్టడం నయం. తిట్టులో కనీసం మోసం లేదు. ఎదుటివాడి జవాబు విన్నాక మన నిర్ణయం మారే వీలు లేకపోతే అడగనే కూడదు. అడిగితే మారడానికి సిద్ధపడి అడగాలి. పనివాడి తెలివి తీసుకున్నప్పుడు దానికి తగ్గ డబ్బు, పేరు కూడా ఇవ్వాలి. చేపపేను కనిపెట్టిన కాపలా మనిషికి ఆ పంట మీద ఎంత ముట్టిందో నేను అడగలేదు గానీ, ఏమీ ముట్టి ఉండదనే నా నమ్మకం. మంచి మాటలతో సరిపెట్టి జీతం పెంచని కోచింగ్ మీద నాకు గౌరవం లేదు.

ఇందులో కులం, చదువు, హోదా అన్నీ అడ్డొస్తాయి. కుర్చీలో కూర్చున్నవాడు నిలబడ్డవాడిని అడిగే ప్రశ్న ఎంత మెత్తగా ఉన్నా విచారణలాగే వినిపిస్తుంది. ఆ ముత్తుకూరు కుర్రాడు గొంతుక్కూర్చున్నాడని ఇందాక రాశాను. అది చిన్న విషయం కాదు. ఇద్దరి కళ్లూ ఒకే ఎత్తులోకి వచ్చాకే ఆ పెద్దాయన నోరు విప్పాడు. 'బాబాయ్' అన్న పిలుపుకి తోడు, గట్టు మట్టి మీద ప్యాంటు మాసినా ఫర్వాలేదనుకున్న ఆ కూర్చోవడం కూడా ఉండబట్టే ఆయనకి నమ్మకం కుదిరింది.

చెరువులున్న రైతులకీ, వాళ్ల దగ్గర పనిచేసే సూపర్‌వైజర్లకీ ఒక విన్నపం. ప్రతి చెరువుకీ ఒక రిజిస్టరు రాస్తున్నారు. మేత ఎన్ని బస్తాలు, మందు ఏం వేశారు, నీళ్లు ఎప్పుడు పట్టారు అని గీతలు కొట్టి గడులు పెట్టారు. వాటి పక్కన ఇంకొక్క గడి కొట్టండి. రాత్రి కాపలా మనిషి ఏం చూశాడో అందులో రాయండి. రోజూ పొద్దున్న ఆయన పక్కన కూర్చుని అడిగి, ఆయన ఏ మాటల్లో చెబితే ఆ మాటల్లోనే, దిద్దకుండా రాసి, ఆయన పేరు కూడా కింద వేయండి. పంట పట్టాక లెక్కలు చూసుకునే రోజున ఆ గడి కూడా చదవండి. అందులోని మాటల వల్ల ఎంత సరుకు మిగిలిందో చూసుకుని, ఆ మనిషికి ఇవ్వాల్సింది ఇవ్వండి.